యాదమ్మ కోళ్లకు యజమాని లేరన్నాను

ఇన్నేళ్లూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. నేనొక అబద్ధమాడాను. దాంతో ఒక మనిషి బతుకుతెరువు పోయింది.

హైదరాబాద్‌లో ఎవరిని కదిలించినా సాఫ్ట్‌వేర్ అంటున్న రోజులవి. నేను మాత్రం యూనివర్సిటీలో కోళ్ల జాతుల మీద పరిశోధన చేసేదాన్ని. ఫిల్మ్ నగర్ బస్తీలో ఉండే యాదమ్మ షూటింగులకు కోళ్లను కిరాయికిచ్చేది. కళ్లు చెదిరే లైట్లు వేసినా, ఫైటర్లు అరిచినా ఆమె కోళ్లు బెదిరేవి కావు. బెదిరినదాన్ని కూరకు అమ్మేసి, కుదురుగా నిలబడ్డదాని గుడ్లే పొదిగించేది. వాళ్ల అత్త నాటి నుంచీ అదే పద్ధతి. అడగ్గానే నాకు గంపలో గుడ్లు పెట్టిచ్చింది. "సదువుకునే పిల్లవు, తీస్కపో బిడ్డా" అంది.

మా యూనివర్సిటీలో ఒక నియమం ఉంది. ఎవరైనా పెంచిన జాతిని పరిశోధనకు తీసుకుంటే, ఎందుకో వాళ్లకు చెప్పి ఒప్పించాలి, రేపు లాభమొస్తే వాటా ఇవ్వాలి. మంచి నియమమే. కానీ నెలలు పడుతుంది. మా పరిశోధనకు ఖర్చు పెడుతున్న జూబ్లీ హిల్స్ కోళ్ల కంపెనీకేమో తొందర. ఇరుకు షెడ్లలో బెదరని కోడి వాళ్లకు బంగారం. గుడ్లు ఎవరివని ఆ నియమం అమలు చూసే కమిటీ అడిగింది. సంతలో కొన్నాను, అమ్మిందెవరో తెలియదన్నాను. అంతే! ఒక్కరూ మరో ప్రశ్న వేయలేదు. వాళ్ల మీద ఒళ్లు మండుతుంది, వెంటనే నా నోరే గుర్తొస్తుంది. నాకు డాక్టరేట్ వచ్చింది. ఆ గుడ్లలోంచి వచ్చిన కోళ్లు కంపెనీ పరమయ్యాయి.

తర్వాత బస్తీలో కోళ్లకు తెగులు వచ్చింది. యాదమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి, యూనివర్సిటీలో నా గది బయటే చెప్పులు విడిచి నిలబడింది.

"కోళ్లన్నీ సచ్చిపోయినయ్ బిడ్డా. నా గుడ్ల పిల్లలు నీ తాన ఉన్నయ్ గదా? ఒక్క జత ఇయ్యి, మల్ల పెంచుకుంట."

"అవిప్పుడు కంపెనీవమ్మా."

"నా కోళ్లు కంపెనీవి ఎట్లయితయ్?"

"నీవేననడానికి రుజువేముంది?"

ఆ మాట ఎవరూ అనమనలేదు. నేనే అన్నాను. భయమా? డాక్టరేట్ పోతుందనా? లేక అలాంటి మనిషి నోరు మూయించడం తేలికని నాకు ముందే తెలుసా? తెలుసు. ఆమె నన్ను తిట్టలేదు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఇప్పుడు మధురానగర్‌లో ఇళ్లలో అంట్లు తోముతోందని విన్నాను.

క్షమించమని అడగను, ఆ ముఖం లేదు. ఆ కోళ్లు యాదమ్మవి. కమిటీ ముందు అనాల్సిన మాట ఇప్పుడంటున్నాను. నా మీద నాకు కోపం తగ్గలేదు గానీ, ఊపిరి కాస్త ఆడుతోంది.