కామా దగ్గర తెగిపోయిన వీడ్కోలు

ఒక పెద్దమనిషి వీడ్కోలు సభను పూలదండలతో సహా వాననీళ్లలో కలిపిన ఘనత నాది. అలాగని నేనేదో కుట్ర పన్నాననుకునేరు. ఒక్క మెయిల్ పంపాను, అంతే. ఎలా పంపానో చెబుతాను. మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. నాకు మాత్రం ఇప్పటికీ సగం నవ్వే వస్తుంది.

అప్పట్లో గద్వాలలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ పని చూసేవాణ్ని. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో కూడా మాకు శాఖలుండేవి. అందరూ మౌస్ పట్టుకుని పని చేసుకుంటుంటే, మౌస్ అనేది చేతగానివాళ్ల ఊతకర్ర అని నమ్మే దశలో ఉన్నాను నేను. మా ఈమెయిల్ ప్రోగ్రాం బొమ్మలూ బటన్లూ ఉన్న మామూలుదే. అయితే నల్లటి తెరలో కమాండ్ కొట్టి కూడా దానితో పని చేయించవచ్చని ఎక్కడో చదివాను. ఎవరికి పంపాలి, విషయం ఏమిటి, లోపల ఏం రాయాలి, అన్నీ ఒకే వరుసలో కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, మెయిల్ రాసి ఉన్న కిటికీ దానంతటదే తెరుచుకుంటుంది. చదివిన రోజు నుంచి నా కాళ్లు నేల మీద ఆనలేదు. టీకి వెళ్తున్నానని పక్క బల్లకు చెప్పాలన్నా కమాండే కొట్టేవాణ్ని.

ఆ రోజుల్లో మా గోదాం ఇన్‌చార్జి ఖాజా సాబ్ రిటైర్ అవుతున్నారు. కోపం వస్తే గోదాముకు తాళం వేసి బయట కూర్చునేవారే గానీ ఎవరినీ ఒక్క మాట అనని మనిషి. సన్మానం సంగతి ఎత్తితే ఆయన కోరింది ఒక్కటే.

"శాలువ గిట్ల నాకేం వద్దు బేటా. నాగర్‌కర్నూల్ నుంచి బాలస్వామి వస్తే సాలు."

బాలస్వామి అక్కడి శాఖలో డ్రైవర్. ఇద్దరూ మీసాలు రాని వయసులో కలిసి నౌకరిలో చేరారు. బదిలీలు విడదీశాక పెళ్లిళ్లలో కూడా కలుసుకోవడం కుదరలేదు.

సభ రోజు తెల్లవారినప్పటి నుంచీ వాన. సభ రద్దయిందని వనపర్తిలో ఎవరో పుకారు లేపారు. మేనేజర్ గారు నన్ను పిలిచి, "గట్లేం లేదని అందరికీ మెయిల్ కొట్టు" అన్నారు. అప్పుడే కొత్తగా చేరిన స్వప్న నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది.

"మౌస్ ముట్టకుంటనే పంపుతవంట గదన్నా, నిజమేనా?"

"జర చూడు. రెప్ప కొట్టినవంటే అయిపోతది" అన్నాను. వేళ్లు విరుచుకుని కొట్టాను: "వాన వల్ల సభ రద్దయింది, అన్న మాట నమ్మకండి, అందరూ మధ్యాహ్నం భోజనాలకు తప్పక రండి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కమాండులో కామా కనబడితే, ఒక భాగం అక్కడితో అయిపోయిందని ప్రోగ్రాం అనుకుంటుంది. మనం రాసే మాటల్లోనే కామా ఉంటే ఆ మాటలన్నిటినీ విడిగా కోట్స్ మధ్య పెట్టాలి. నాకది తెలియక కాదు, పెట్టడం మరిచిపోయాను. కనీసం తెరుచుకున్న కిటికీని చూసినా బయటపడేవాణ్ని. నా కళ్లు తెర మీద ఉంటే కదా! స్వప్న ముఖంలో ఆశ్చర్యం ఎంతవరకు పాకిందో చూసుకుంటూ పంపే మీటలు నొక్కేశాను.

"అబ్బ! పోయిందా అన్నా?"

"పోయింది."

పోయిందంటే అలా ఇలా పోలేదు.

మధ్యాహ్నమైంది. బగారా అన్నం, పప్పు దాల్చా నిండిన పెద్ద పెద్ద డేక్సాలు దిగాయి. ఖాజా సాబ్ శేర్వానీ వేసుకుని, అత్తరు పూసుకుని వేదిక మీద కూర్చున్నారు. ఎదురుగా కుర్చీలన్నీ ఖాళీ. మేనేజర్ గారు వనపర్తికి ఫోన్ కలిపారు.

"మీరేగద సార్ సభ రద్దయిందన్నది? మేం డబ్బాలు ఇప్పి తింటున్నం."

"ఎవరన్నరయ్యా?"

"మీ కంప్యూటర్ రమేశే. మెయిల్ పెట్టిండు."

స్వప్న పరుగున వెళ్లి పంపిన మెయిల్ తెరిచింది. అందులో ఉన్నది ఒకటే ముక్క: "వాన వల్ల సభ రద్దయింది."

"అన్నా, కామా కాడ్నే తెగింది."

"కనబడుతుంది తల్లీ."

బుద్ధిగా మౌస్ పట్టుకుని, "సభ ఉంది. వెంటనే బయలుదేరండి" అని అందరికీ ఇంకో మెయిల్ పంపాను. వనపర్తి నుంచి జవాబు వచ్చింది: "ఈ వానల ఇప్పుడు యాడొస్తం?" నాగర్‌కర్నూల్ నుంచి అదీ లేదు. ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. వాళ్లు రారని తేల్చుకుని ఖాజా సాబ్ ముందు నిలబడ్డాను.

"తప్పయింది సాబ్."

నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన గేటు వైపే చూస్తూ, "బాలస్వామి గూడ రాలే" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ముల్లులా ఉంది. కాసేపటికి ఆయనే లేచారు.

"అన్నం సల్లగైతది. డేక్సాలు వ్యాన్ల ఎక్కియ్. వాళ్లు రాకుంటే మనమే పోదాం."

"సభ ఈడ గద సాబ్?"

"రిటైరయ్యేది నేను. నేనేడుంటే ఆడ్నే సభ."

"నాగర్‌కర్నూల్‌ల బాలస్వామన్న ఇంటికన్నా ఫోన్ చేస్త."

"వద్దు. వాడు ఉల్కిపడాలె."

వ్యాను వెనుక డేక్సాను చంటిపిల్లలా కావలించుకుని కూర్చున్నాను. కృష్ణ వంతెన దాటేలోపు దాల్చాలో సగం నా ప్యాంటు తాగింది. వనపర్తివాళ్లు సిగ్గుపడి, కడుపులు నిండి ఉన్నా మళ్లీ తిన్నారు. ఖాజా సాబ్‌కు దండలు వేశారు. పొద్దుగూకే వేళకు నాగర్‌కర్నూల్ చేరాం. ఆఫీసుకు తాళం. బాలస్వామి ఇంటికి పోతే ఆయన భార్య బయటికొచ్చి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, మీరిటొచ్చిండ్రా? రమ్మని మళ్ల మెయిల్ వచ్చిందని ఆఫీసోళ్లంత కలిసి గద్వాలకే పోయిరి! ఖాజా ఉల్కిపడాలెనని ఫోన్లు గూడ ఎత్తకుంట పోయిండ్రు."

మేము వనపర్తిలో దండలు వేయించుకుంటుండగా వాళ్ల జీపు అదే ఊరి మీదుగా దూసుకుపోయిందన్నమాట. ఇంతలో ఖాజా సాబ్ ఫోన్ మోగింది. అవతల గొంతు మాకందరికీ వినబడేంత పెద్దది.

"అరే ఖాజా! నేను గద్వాలల నీ కుర్చీలనే కూసున్న రా. నువ్వేడున్నవ్?"

"నీ ఇంటి అరుగు మీద."

"ఈడ ముద్ద అన్నం గూడ లేదు గదరా!"

"యాడుంటది? నా పక్కనుంది."

ఖాజా సాబ్ అరుగు మీద కూర్చుని పడీపడీ నవ్వారు. నవ్వి కళ్లు తుడుచుకున్నారు. వాన తడి అనుకుందామంటే అప్పటికి వాన వెలిసి చాలాసేపైంది. నేను డేక్సా మూత వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఆ ఇద్దరూ అయిజలో కలిశారని, పొద్దంతా మాట్లాడుకున్నారని విన్నాను. ముందుజాగ్రత్తగా నాకు మాత్రం వాళ్లు కలిసేదాకా ఎవరూ చెప్పలేదు.

అందువల్ల చదువరులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సభ గానీ, పెళ్లి గానీ, ఆఖరికి నా దినమే గానీ, ఈ జన్మలో పిలుపులు పంపే పని నేను పెట్టుకోను.