ముందే రాసిన జవాబులు

జిల్లాలోని హైస్కూల్ ఇంగ్లీషు టీచర్లు తరగతిలో చెప్పడానికి నమూనా పాఠాలు తయారుచేసే బృందంలో నన్నూ వేశారు. పాఠం రాసేటప్పుడు మాకో పాడు అలవాటుంది. ఎడమ వరసలో మా ప్రశ్న, కుడి వరసలో పిల్లల జవాబు. తరగతికి పోకముందే రెండూ మేమే నింపేస్తాం. పిల్లలు నోరు తెరవకపోయినా కాగితం నిండుగా ఉంటుంది.

ఈ పాఠం మాత్రం మనసుపెట్టి రాశాను. మంచివి ఏరి అచ్చువేసే టీచర్ల పుస్తకంలో నాదీ ఒకటి ఉండాలని ఆశ. ఇంట్లో వినిపించే ఒక చప్పుడు గురించి పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడించి, కథ రాయించాలి. పోచంపల్లి బడిలో చెప్పి చూపించమన్నారు కాబట్టి జవాబుల్లో మగ్గం పెట్టాను. ఒకటి: అవ్వ పడుకున్నా మగ్గం ఆడుతుంది. రెండు: అందరం వింటాం, ఎవరమూ లేచి చూడం. కథకు ముగింపు కావాలి కదా అని మూడోది కూడా రాశాను: అవ్వ పోయిన రోజు ఆగింది.

మిట్టమధ్యాహ్నం తరగతి. వెనక బెంచీల మీద బృందం. మొదటి ప్రశ్న అడగగానే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, నా కుడి వరసలోని ఇంగ్లీషు వాక్యాన్ని అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. రెండోదీ అంతే. ఆ కాగితం నేనెవరికీ చూపలేదు.

"మంచిగ బట్టీ పట్టిచ్చిన్రు మేడమ్," అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"మీ అవ్వ ఉందా?" అని ఆ పిల్లను అడిగాను.

"ఉన్నది టీచర్. ఇంట్ల దారం చుడుతాంది."

మూడో ప్రశ్న, ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందన్నది, అడగలేదు. గంట కొట్టకముందే పాఠం ముగించాను. బృందం మొహాలు చూస్తే నా పాఠం పుస్తకంలోకి ఎక్కదని తెలిసిపోయింది. ఏడుపొచ్చింది, నిజమే. అయినా అడగడానికి నోరు రాలేదు.

సాయంత్రం బస్సు కోసం నిలబడితే ఆ పిల్ల వచ్చింది.

"టీచర్, మూడోది అడగనే లేదు."

"మూడోది ఉందని నీకెవరు చెప్పారు?"

"అవ్వ. పొద్దుగాల మూడు జవాబులు నేర్పిచ్చి తోలింది."

"అవ్వకు ఇంగ్లీషు వచ్చా?"

"బడి మొఖమే సూడలే టీచర్. గా సప్పుడుకు మస్తు దినాల సంది నిద్ర లేదంట. మీరు మూడోది జర అడగాలె అన్నది."

బస్సొచ్చింది. ఎక్కేశాను. ఆ తర్వాత ఏ పాఠంలోనూ కుడి వరస నింపలేదు.

ఆ రోజు బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. ఆ పిల్ల అక్కడే, తరగతిలో జవాబు తెలిసిన పిల్లలు ఎత్తినట్టు, చెయ్యెత్తి నిలబడి ఉంది.