పీచు తీసిన పానకం

ఆ రోజుల్లో, తెలుగు చెప్పడమంత తేలికైన ఉద్యోగం రాజమండ్రిలో మరొకటి లేదనుకునేదాన్ని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషకి ఎదురు జీతమిస్తామంటే వద్దనడానికి నాకేమైనా వెర్రా? పందొమ్మిదేళ్ళకే మిషను ఆడపిల్లల బడిలో పంతులమ్మనైపోయాను. పగలు పిల్లలకి అక్షరాలు దిద్దించడం, సాయంత్రం బంగళాకి వెళ్ళి మా దొరసానిగారికి తెలుగు నేర్పడం నా పని. ఆ బంగళాలో బట్లరు మా బాబాయే. ఆయనా పిన్నీ పెరటివైపు గదుల్లో కాపురముండేవారు. బాబాయికి ఇంగ్లీషు పూర్తిగా వచ్చని పేటంతటికీ గట్టి నమ్మకం. (దొరగారికి మాత్రం ఆ సంగతి తెలియదు.)

దొరసానిగారు బంగారంలాంటి మనిషి. ఒక్క ‘కోయడం’ అనే మాటంటేనే ఆవిడకి హడలు. కూరలూ కోస్తారు, పూలూ కోస్తారు, పీకలూ కోస్తారని చెప్పేసరికి పుస్తకం మూసేసింది. “పోనీలెండమ్మగారూ, ‘తీయడం’ అనండి, అన్నిటికీ సరిపోతుంది” అన్నాను ఉదారంగా. ఆనాటి నుంచి ఆవిడ తలుపులూ తీసేది, పూలూ తీసేది, పెద్దవాళ్ళు ఎదురైతే దణ్ణం కూడా తీసేది.

బంగళా వెనక బావి పక్కన ఆవిడ ప్రాణంలా పెంచుకునే చెట్టొకటుండేది. బెంగుళూరు నుంచి మొక్కగా తెప్పించింది. వాళ్ళ పుట్టింటి పెరట్లో అలాంటివి వరసగా ఉంటాయట. బాబాయి ఆ సన్నటి ఆకుల్ని అటూ ఇటూ తిప్పి చూసి “ఇది సీమబాదం” అని తేల్చేశాడు. ఇక మేమంతా అలాగే పిలిచాం. ఆవిడ మాత్రం ఎప్పుడూ ‘నా చెట్టు’ అనేది. గోదావరి ఎండల్లో ఆ చెట్టు పడిన పాట్లు పగవాడిక్కూడా వద్దు. ఆవిడ గోనెపట్టాలు కట్టి నీడపట్టేది, మొదలు చుట్టూ తడిగడ్డి పరిచేది. చలి బాగా పడితేనే అది కాస్తుందట, అందుకని మాఘమాసంలో ఇంకా చలి పంపమని ప్రార్థన చేసేది. (దుప్పట్లు లేని మేము పక్కనే మోకరించి, తగ్గించమని వేడుకునేవాళ్ళం. దేవుడికి ఎంత ఇరకాటం!) చివరికి ఒక వేసవిలో నూగునూగుగా, రాళ్ళలాగా నాలుగు గుప్పెళ్ళ కాయలు పట్టాయి.

సరిగ్గా అప్పుడే కాకినాడ నుంచి పెద్ద దొరసాని మా బడి చూడడానికి వస్తుందని తెలిసింది. బడంటే తాటాకు పాక. వానొస్తే పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని పాఠం అప్పజెప్పేవాళ్ళు. ఆవిడ మెచ్చుకుంటే పెంకుల కప్పు వస్తుంది, లేకపోతే ఆ పాక కూడా ఎత్తేస్తారు, నేను మళ్ళీ మా ఊరెళ్ళి పేడకళ్ళు ఎత్తుకోవాలి. ఆవిణ్ణి తీసుకురావడానికి మా దొరసాని పడవలో కాకినాడ బయల్దేరుతూ నన్ను పిలిచి, “మేము వచ్చే రోజున పీచ్ తీసి పానకం చెయ్యండి. ఉడకబెట్టండి, మెదపండి. పంచదార, నిమ్మరసం, చల్లటి నీళ్ళు కలపండి. అంతే” అంది.

“పీచు దేంట్లోంచి తీయాలి బాబాయ్?” అన్నాను వంటింట్లోకి వచ్చి.

“ఏంటే ఆ ప్రశ్న? వేసంకాలంలో పీచుండేది దేనికి? మామిడిపండుకి!”

“మరి ఉడకబెట్టమన్నారుగా?”

“దొరలు మంచినీళ్ళు కూడా ఉడకబెట్టుకునే తాగుతారే పిచ్చిమొహమా!”

ఇంత వివరం చెప్పాక ఇంకేం అనుమానం? మర్నాడు పెద్ద గాలివాన కొట్టింది. సీమబాదం కాయలన్నీ నేలరాలాయి. పిన్ని ఒకటి కొరికి, “అబ్బ, ఏం పులుపే!” అని మురిసిపోయి, మట్టిపాలు కానివ్వడమెందుకని ముక్కలు కొట్టి, ఆవపిండీ కారం కలిపి జాడీకెత్తేసింది.

దొరసానులిద్దరూ వచ్చే రోజు రానే వచ్చింది. బాబాయీ నేనూ పీచు రసాలు ఉడకబెట్టి, పిసికి, బట్టలో వడగట్టి, మళ్ళీ వడగట్టి, తడిగుడ్డ చుట్టిన కూజాలో పోసి ఉంచాం. పెద్ద దొరసాని ఒక గుక్క తాగి, “మామిడి!” అంది. మా దొరసాని మొహం పాలిపోయింది.

“పీచ్ ఏది?”

“మొత్తం తీసేశామండి!” అన్నాను గర్వంగా. “ఒక్క పోగు కూడా మిగల్లేదు.”

“తీసి ఎక్కడ పెట్టారు?”

“పారేశామండి.”

“పారేశారా?”

ఆవిడ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఖాళీ కొమ్మల్ని చూపిస్తూ “పీచ్! ఇదే పీచ్!” అంది. అప్పుడు తెలిసింది నాకు, ఆ చెట్టు పేరు. పిన్నికి మాత్రం ఏ బెంగా లేదు. “కాయల గురించేనాండి అమ్మగారూ? ఎక్కడికీ పోలేదండి!” అంటూ జాడీ ఎత్తుకొచ్చి, ఏకంగా వరండాలో పెద్ద దొరసాని ముందే పెట్టేసింది.

ఆవిడ వాసన చూసింది. బిస్కత్తు మీద ఒక ముక్క పెట్టుకుని నోట్లో వేసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. నా కళ్ళముందు పాక తాటాకులు ఒక్కొక్కటే ఎగిరిపోతున్నాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, ముక్కు తుడుచుకుంది, ఇంకా వెయ్యమన్నట్టు పళ్ళెం ముందుకు జరిపింది. సాయంత్రం పడవెక్కేటప్పుడు జాడీ ఆవిడ ఒళ్ళోనే ఉంది. ఆ ఏడు వానలకి ముందే మా బడికి పెంకులు దిగాయి.

మర్నాడు భయపడుతూ పాఠానికి వెళితే మా దొరసాని పుస్తకం తెరిచి, “ఇవాళ ‘కోయడం’ నేర్పండి” అంది. చెట్టు మాత్రం పై ఏటి ఎండల్ని తట్టుకోలేకపోయింది. నాకు తెలిసినంతవరకు గోదావరి ఒడ్డున పీచ్ సాగు అంతటితో సరి. కొన్నాళ్ళకి దొరసాని కూడా వాళ్ళ దేశం వెళ్ళిపోయింది.

గోదావరి మీద రైలు వంతెన పడ్డాక మావారూ నేనూ బెంగుళూరు వెళ్ళాం. అక్కడ బజారులో బుట్టనిండా పీచ్‌లు, బుగ్గలు ఎర్రబడి, వేలు తగిలితే దిగిపోయేంత మెత్తగా. బసకి తెచ్చి ఉడకబెట్టి, మెదిపి, పంచదార, నిమ్మరసం, చల్లటి నీళ్ళు కలిపాను. ఒక గుక్క తాగి, మావారికి ఇవ్వాలన్నది కూడా మరిచి గ్లాసంతా తాగేశాను. పాపం, ఆ మహాతల్లి మా ఎండల్లో కూర్చుని అన్నేళ్ళూ ఎదురుచూసింది దీని కోసమా! కొత్త చీర గంజిపెట్టుకుని, లోకంలో మాటలన్నీ తనకే తెలుసనుకునే ఆ పందొమ్మిదేళ్ళ పంతులమ్మ ఇప్పుడు ఎదురైతే, పక్కన కూర్చోబెట్టుకుని ఒక గ్లాసు చేతికిచ్చేదాన్ని. తాగి ఏమంటుందో కూడా నాకు తెలుసు. “బానే ఉందండి. కాస్త ఉప్పు పడాలి.”