తాత బూట్లు

మా తాత పటాలంలో పనిచేసి బర్మా దాకా పోయొచ్చాడు. గోదావరిఖనిలో బొగ్గుబాయి తెరిచాక, ఆ గేటు దగ్గర ఆయనకు కాపలా డ్యూటీ దొరికింది. ఖాకీ బట్టలు, నల్లబూట్లు. పొద్దున్నే బూట్లను గుడ్డతో రుద్ది రుద్ది మెరిపించేవాడు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆయన్ని చూస్తే నాకు కుళ్లు. నాన్న పోయాక నన్నూ తమ్ముణ్ణీ సాకింది ఆయనే. అయినా కుళ్లే. నేను బాయి లోపల తట్టా, చెమ్మస్ పారా పట్టి బొగ్గు నింపేవాణ్ణి. షిఫ్టు దిగి వస్తే ఉమ్మి కూడా నల్లగా పడేది. ఆయన పైన, గాలిలో, నలగని బట్టల్లో నిలబడేవాడు.

బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోకూడదు. ఒక్క నిప్పురవ్వ చాలు, అందరం పోతాం. అందుకని గేటు దగ్గర చేతులెత్తి నిలబడితే తాత ఒళ్లంతా తడిమి చూసేవాడు. నన్ను అందరికంటే ఎక్కువ తడిమేవాడు, తలగుడ్డ కూడా విప్పించేవాడు. వెనక వరసలోవాళ్లకు నవ్వు.

"మిలిటరీ తాతా, మనుమణ్ణే గింత దేవులాడుతున్నవ్, ఇంట్ల ఏమన్న పోయిందా?" అన్నాడొకడు.

తాత పని దిగిపోయే ఏడు, ఆ జాగాలో ఇంటి మనిషిని ఒకణ్ణి పెట్టుకుంటామన్నారు. నేనే అనుకున్నాను. ఆయన తమ్ముడి పేరు చెప్పి వచ్చాడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, వాడు ఐదు దాకా చదివాడు. అందుకేనా అని అడిగాను.

"సదువు కాదురా. నువ్వు దిగుతవ్, మల్ల ఎక్కి వస్తవ్. వాడు దిగితే ఎక్కడు. గసొంటి పోరగాండ్లను పటాలంల చూసిన," అన్నాడు.

నాకు మాత్రం భయం లేదా? ఎవరూ అడగలేదు.

తమ్ముడు డ్యూటీ ఎక్కిన మొదటి రోజు తాత బూట్లే వేసుకొచ్చాడు. నేను చేతులెత్తాను.

"నిన్నేం చూసుడే అన్నా, పో," అన్నాడు మెల్లగా.

మర్యాదకే అన్నాడు. నా కడుపు ఇంకా మండింది.

"చూడు. తలగుడ్డ గూడ ఇప్పించు. తాత చూసేటోడు."

వాడు తడుముతుంటే నేను కిందికి చూశాను. బూట్లు నిగనిగలాడుతున్నాయి. ఆ మెరుపు తమ్ముడి చేతిది కాదు. పొద్దున్నే లేచి, వాడి కోసం, తాతే రుద్దాడు.