నాగమణి ఆంటీ మూయించని డాక్

మొన్న ఆదివారం మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర కూర్చుని గోళ్ళ రంగు సీసా మూత తీసింది. నేను టీ పెడుతున్నాను. అల్లం వాసనను పక్కకు తోసేసి ఆ ఘాటు ముక్కుకు తగిలేసరికి చేతిలో గరిట ఆగిపోయింది. "సారీ డాడ్, విండో ఓపెన్ చెయ్యనా?" అంది. వద్దన్నాను. ఆ వాసన పీలుస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాను. వేరేవాళ్ళకు దానితో పెళ్ళిళ్ళో ముస్తాబులో గుర్తుకొస్తాయేమో. నాకు మాత్రం ఒక నీటి ఒడ్డు గుర్తుకొస్తుంది. మడత కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకుని, సెనగగింజంత సీసపు గుండుకు గులాబీ రంగు పూస్తున్న నాగమణి ఆంటీ గుర్తుకొస్తారు.

కెనడాలో మా కేంబ్రిడ్జ్, వాటర్లూ వైపు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఆవిడను చూసి ఉండరు. ఆవిడ మీది జోకు మాత్రం వాళ్ళకూ చేరింది. చేపలన్నీ తనకే కావాలని, సరస్సు యజమానికి చాడీలు చెప్పి, అందరూ వెళ్ళే దారికి అడ్డంగా గొలుసు వేయించిన ఆంటీ అని. ఆ మాట అబద్ధం. అబద్ధమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆవిడ ఎలాంటి మనిషో, అసలు ఏం జరిగిందో చెప్పాల్సినవాణ్ణి నేనే.

నేను ఆవిడను కలిసింది ఉద్యోగం పోయిన వసంతంలో. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పని చేసేవాణ్ణి. మా షిఫ్ట్ మొత్తాన్ని తీసేశారు. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా సోఫాలో కూర్చునేవాణ్ణి. ఇంట్లో ఎవరు చెంచా కింద పడేసినా అరిచేవాణ్ణి. మా ఆవిడ భరించలేక, గుడిలో పరిచయమైన నాగమణి ఆంటీకి నన్ను అప్పగించింది. ఆంటీది కాకినాడ. హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసే పని చేసి రిటైరయ్యారు. భర్త పోయారు, కూతురు కాల్గరీలో ఉంటుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత డ్రైవింగ్ మానేశారు.

"ఉద్యోగం పోయిందటగా అబ్బాయ్?" అన్నారు కారెక్కుతూనే.

"అవునాంటీ."

"మంచిది. వారం మధ్యలో ఖాళీగా ఉండే డ్రైవరు దొరక్క చస్తున్నాను."

అప్పటిదాకా అందరూ నన్ను చూసి జాలిపడ్డవాళ్ళే. నన్ను నవ్వించింది ఆవిడే.

మేం వెళ్ళేది వాల్టర్ అనే పెద్దాయన పొలం చివర ఉన్న చిన్న సరస్సుకు. ఒడ్డు నుంచి నీళ్ళ మీదికి చెక్కలతో కట్టిన డాక్ ఉంది, పట్టుకోవడానికి కమ్మీ ఉంది, కారు దాని దాకా వెళుతుంది. ఊతకర్రతో నడిచే మనిషి నీళ్ళ మీదికి వెళ్ళగలిగిన చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే. వాల్టర్ భార్య జబ్బుపడి ఉన్నన్నాళ్ళూ, నరం దొరకని ఆమె చేతి నుంచి నొప్పి తెలియకుండా రక్తం తీసింది ఆంటీయే. భార్య పోయాక ఆయన, "నీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా. తోడు ఒకరిని తెచ్చుకో" అన్నాడట. ఆ ఒకరు నేను.

అక్కడ దొరికేది క్రాపీ అనే చేప. అరచేతికి కాస్త పెద్దది, వెండి ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు మచ్చలు. దాన్ని పట్టడానికి వానపాములు అక్కర్లేదు, జిగ్ చాలు. సీసపు తల, వెనక గాలపు ముల్లును కప్పుతూ నాలుగు ఈకలు, అంతే జిగ్ అంటే. ఆంటీ తన జిగ్‌లు తనే కట్టుకునేవారు. తలకు గోళ్ళ రంగు వేసి, మెడ దగ్గర ఎర్ర దారం చుట్టేవారు. "ముందు ముడి చూసుకో. నీళ్ళలో అది బల్లపరుపుగా ఉండాలి, చిన్న చేప ఈదుతున్నట్టు. తల కిందికి వేలాడితే ఎవరు తింటారు దాన్ని?"

వసంతంలో డాక్ స్తంభాల పక్కనే నిలువుగా దించేవాళ్ళం. నేను ఆత్రంగా అడుగు దాకా వదిలేసేవాణ్ణి. "పైకి తియ్యి. క్రాపీ కళ్ళు పైకి చూస్తాయి. నెత్తి మీద ఉన్నది తింటుంది గానీ, పొట్ట కింద ఉన్నది దానికి కనపడదు" అనేవారు. గాలి ఉన్న రోజున బెండు కట్టి వదిలేసేవారు. అలలు బెండును ఊపితే కింద జిగ్ దానంతటదే ఆడుతుంది. నేను మధ్యలో దారం లాగబోతే, "గాలి చేసే పనికి నువ్వెందుకు అడ్డం?" అని కసిరేవారు. ఎండలు ముదిరి చేప లోతుకు పోతే, దూరంగా విసిరి, జిగ్‌ను మునగనిచ్చి, మెల్లగా దారం చుట్టడం. ఎంతసేపు మునగనివ్వాలంటే ఆవిడ అంకెలు చెప్పేవారు కాదు. "ఒక ముద్ద నమిలి మింగేంతసేపు ఆగు. తగల్లేదా, ఈసారి రెండు ముద్దలు. ఎక్కడ తగిలిందో ఆ లోతు మర్చిపోకు, మిగతావన్నీ అక్కడే ఉంటాయి."

నాకు అన్నిటికంటే కష్టమైంది ఏమీ చేయకుండా పట్టుకుని కూర్చోవడం. ఆవిడ చెయ్యి వయసుతో సన్నగా వణికేది. ఆ వణుకు దారం వెంట దిగి ఈకలను కదిలించేది. నా బకెట్ ఖాళీ, ఆవిడ బకెట్‌లో టపటపలు. "ఏం చేస్తున్నారాంటీ మీరు?" అని ఉక్రోషంగా అడిగితే, "ముసలిదాన్నవుతున్నా. నువ్వూ ట్రై చెయ్యి" అన్నారు.

చేప తగలగానే నేను ఒక్క గుంజు గుంజేవాణ్ణి. పెదవి చిరిగి పారిపోయేది. "ఉల్లిపొరంత పల్చన దాని నోరు. కోపంగా లాగితే నీకు ముల్లే మిగులుతుంది. ఎత్తు, అంతే." ఈ మాట ఆవిడ సరస్సు దగ్గర తప్ప ఎక్కడా అనలేదు. ఇంట్లో నేను అరవడం ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు. మా ఆవిడకు తెలుసు.

మాకో వాట్సాప్ గ్రూపు ఉండేది, వీకెండ్‌లో కలిసే తెలుగు కుటుంబాలది. ఉద్యోగం పోయాక నేను అందులో నోరు విప్పలేదు. ఒకరోజు బకెట్ నిండా క్రాపీ పడితే, పైన గులాబీ జిగ్ పెట్టి ఫొటో పోస్ట్ చేశాను. వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే శ్రీధర్ అనే కుర్రాడు వెంటనే, "ఏ స్టోర్‌లో కొన్నావన్నా?" అన్నాడు. ఇంకెవరో, "దమ్ముంటే లొకేషన్ పెట్టు" అన్నారు. పెట్టాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. చాలా రోజుల తర్వాత నలుగురూ నా వైపు చూస్తున్నారు, అంతే.

అది ఒకరి సొంత స్థలమని నేను చెప్పలేదు. వాళ్ళు పార్కనుకున్నారు. ఆ శనివారం కార్లు, గ్రిల్లు, స్పీకరు, బిర్యానీ ట్రేలు అన్నీ దిగాయి. చేపలు పట్టే లైసెన్సులో రాసిన పరిమితి చూడకుండా బకెట్లు నింపారు. ఫొటో కోసం అందరూ ఒకవైపు ఒరిగితే కమ్మీ విరిగింది. తర్వాతి వారం నేను ఆంటీని తీసుకెళ్ళేసరికి దారికి అడ్డంగా గొలుసు ఉంది. ఆవిడ కారు దిగలేదు. గొలుసును చూస్తూ, "నువ్వేమైనా చెప్పావా అబ్బాయ్, ఎవరికైనా?" అని అడిగారు.

"లేదాంటీ."

"సరే, కారు తిప్పు."

మళ్ళీ వచ్చి గొలుసు దగ్గర ఆగిన మావాళ్ళతో వాల్టర్, ఆ ఒక్క ఆవిడకు తప్ప నేనెవరికీ అనుమతి ఇవ్వలేదని చెప్పాడు. ఆ మాట మా గ్రూపుకు చేరేసరికి, ఆవిడే మూయించిందని మారింది. దీపావళికి హాల్లో అందరం కలిసినప్పుడు శ్రీధర్, "ఆంటీ, చెరువు కొనేశారటగా! మాకు టికెట్ ఎంత?" అన్నాడు. హాలంతా నవ్వింది. "నీకు ఫ్రీ నాయనా. ముందు ఈ పులిహోర తిను" అన్నారు ఆంటీ. నేను పక్కనే ప్లేటు పట్టుకుని ఉన్నాను. నేనూ నవ్వాను.

మరుసటి వసంతంలో, ఆవిడ కోసం బతిమాలుదామని వాల్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను వింతగా చూశాడు. గొలుసు వేసిన వారంలోనే ఆంటీ టాక్సీలో వచ్చి, తప్పు నాదే, మనిషిని తెచ్చింది నేనే అన్నారట. నీ ఒక్కదానికి తెరుస్తానని ఆయన అంటే, మావాళ్ళు రాకూడని చోటికి నేనొక్కదాన్ని రావడం బాగుండదని చెప్పి వెళ్ళిపోయారట. ఆ తర్వాత ఆవిడ ఎక్కడా గాలం వేయలేదు.

అది విన్నాక కూడా నేను వెంటనే ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. ఇవాళ రేపు అనుకుంటుండగానే, కూతురు వచ్చి కాల్గరీ తీసుకెళ్ళిపోయింది. చివరికి, లొకేషన్ పెట్టింది నేనేనని ఫోన్‌లో చెప్పాను.

"తెలుసు," అన్నారు. "ఆ ఫొటో నాకూ అప్పుడే ఎవరో పంపారు. నా జిగ్ నేను గుర్తుపట్టలేనా?"

"మరి ఆ రోజు కారులో ఎందుకు అడిగారాంటీ?"

"నువ్వే చెబుతావని."

క్షమించమన్నాను. "నా మటుకు నేను ఎప్పుడో వదిలేశాను. నాకు చెప్పి ఏం లాభం? అక్కడ నవ్వుతున్నవాళ్ళకి చెప్పు" అన్నారు. చెబుతానన్నాను.

చెప్పలేదు. అప్పటికి నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. పిక్నిక్‌లలో పిల్లలకు క్రాపీ పట్టడం నేర్పేవాణ్ణి. అందరూ జిగ్ మాస్టర్ అనేవాళ్ళు. ఒక ముద్ద, రెండు ముద్దలు అని ఆవిడ మాటలతోనే పాఠం చెబుతూ, ఎవరు నేర్పారని అడిగితే, "అలా వచ్చేసింది" అనేవాణ్ణి. ఆవిడ పేరెత్తితే గొలుసు సంగతి వస్తుంది కదా. పోయిన చలికాలం ఆంటీ కాల్గరీలో కన్నుమూశారు. ఇక్కడ సంతాపసభ పెట్టాం. ఎవరో ప్రేమగానే, "ఆంటీ బంగారం. ఒక్క చేపల దగ్గరే కాస్త స్వార్థం" అన్నారు. కళ్ళు తుడుచుకుంటూనే అందరూ నవ్వారు. నేను అక్కడ కూడా తల దించుకుని కూర్చున్నాను.

ఈ వారం ఇదంతా ఆ గ్రూపులో రాశాను. చాలామంది దండం పెట్టే బొమ్మలు పంపారు. "పాత సంగతి, వదిలెయ్యన్నా" అన్నారొకరు. ఇంత తేలికైన పనా ఇది, దీనికా ఇన్నేళ్ళు పట్టింది అనుకున్నాను. మధ్యాహ్నం శ్రీధర్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, కాల్గరీ వెళ్ళే ముందు ఆంటీ నా పెళ్ళికి వచ్చారు, గుర్తుందా? స్టేజీ మీద కూడా చెరువు జోకేశాను."

"గుర్తుంది శ్రీధర్."

"నువ్వక్కడే ఉన్నావ్."

"ఉన్నాను."

"అప్పుడు నా చెవిలో ఒక్క మాట వేసుంటే, ఆవిడ కాళ్ళకు దండం పెట్టి సారీ చెప్పేవాణ్ణి కదన్నా. ఇప్పుడెవరికి చెప్పమంటావ్?"

మీటింగ్ ఉందని ఫోన్ పెట్టేశాడు.

వాళ్ళకి చెప్పు అన్నప్పుడు ఆవిడ తన పేరు కోసం అడిగారనుకున్నాను. తన పేరు సంగతి ఆవిడకు పట్టలేదు. వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారనీ, ఆ నవ్వు ఎప్పటికో ఒకప్పటికి వాళ్ళకే గుచ్చుకుంటుందనీ తెలిసి అడిగారు. శ్రీధర్ మంచివాడు. నేను ఊరుకున్నాను కాబట్టే ఆ జోకు నమ్మాడు. ఇప్పుడు ఎవరికీ ఇవ్వలేని ఒక క్షమాపణ అతని దగ్గర ఉండిపోయింది. అది అతని చేతిలో పెట్టింది నేను.