లారిస్టన్ నుంచి పెర్ల్స్‌కు పావుగంట

ఆ రోజుల్లో కరీబియన్ సముద్రంలోని మా కారియకూ దీవికి వచ్చే విమానం మా పెద్ద పడవల కంటే చిన్నది. మా లారిస్టన్ రన్‌వే నుంచి గ్రెనడా దీవిలోని పెర్ల్స్ విమానాశ్రయానికి గాలిలో పాతిక మైళ్లు, పావుగంట. పడవలో అయితే సగం రోజు, అదీ కక్కుకుంటూ. పావుగంట అని మాత్రం ఎవరూ అనేవారు కాదు. "మొక్కజొన్న సంకటి పొయ్యి మీద పెట్టి దించేంత" అనేవారు. పెర్ల్స్‌లో విమానం లేచిందని ఫోన్ రాగానే అక్కడ గుమస్తాగా ఉన్న నేను ఆఫీసు కిటికీలోంచి కేకేసేవాణ్ణి. ఈథ్లిన్ అక్క కర్ర పట్టుకుని రన్‌వే మీదికి వెళ్లేది.

మేకలను తోలడమే ఆమె ఉద్యోగం. కందికోతలు అయ్యాక మా దీవిలో అందరూ పశువుల తాళ్లు విప్పేస్తారు. వానలు పడేదాకా అవి ఎక్కడ తిరిగినా అడిగేవాళ్లుండరు. వాటికి రన్‌వే పక్కన గడ్డంటేనే ఇష్టం. ఏ మేక ఎవరిదో అక్కకు తెలుసు. యజమాని పేరు పెట్టే తిట్టేది.

"ఏవయ్యా బెథెల్, చర్చికి రమ్మంటే రావు గానీ ఇక్కడికి మాత్రం పొద్దున్నే తయారు."

రన్‌వేకి అడ్డంగా పోయే రోడ్డు మీద ఆగిన బస్సులో జనం నవ్వేవారు. అక్క మాత్రం ఎన్నడూ విమానం ఎక్కలేదు.

ఒక ఏప్రిల్ సాయంత్రం ఆమె భర్త క్లోవిస్‌ను తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. పడవలు కట్టే మనిషి, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. ఆపరేషన్ గ్రెనడాలోనే చెయ్యాలి. మా రన్‌వేకి దీపాలు లేవు, అక్కడ ఆగి ఉన్న విమానం చీకటి పడేలోగా లేవాలి.

"నువ్వూ ఎక్కక్కా, పక్కనుండు" అన్నాను.

ఎక్కింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇంజన్ తిరిగింది. అంతలో అవతలి చివర మేకలు రన్‌వే మీదికొచ్చాయి. కర్ర తీసుకుని నేను పరుగెత్తాను. అవి ఆ పక్క నుంచి ఈ పక్కకు మారాయి అంతే. బస్సు డ్రైవరు సాయం వచ్చాక ఇంకా చెదిరాయి. వెలుతురు పల్చబడుతోంది.

విమానం తలుపు తెరుచుకుంది. అక్క దిగి వచ్చింది.

"సముద్రం వైపు తోలితే పోతాయట్రా? కొండ వైపు తిప్పాలి. ఇలా ఇవ్వు."

"నువ్వు దిగితే ఆయన దగ్గర ఎవరుంటారు?"

"దిగకపోతే ఇక్కడే పోతాడు. కర్ర ఇవ్వు."

మేకలు కొండ వైపు కదిలాయి. విమానం లేచింది. అక్క రన్‌వే మధ్యలోంచి కదల్లేదు. తిరిగొచ్చిన ఒక మేకను అదిలించింది.

"విమానం పోయింది కదమ్మా, మెయ్యనీ" అన్నాడు డ్రైవరు.

"ముందు అక్కడ దిగనియ్యి. ఇప్పుడు ఐల్ డి రోండ్ దీవి దాటుతుంటారు."

ఇంకాసేపటికి, "గ్రెనడా అంచున సోటూర్స్ కొండ కనపడుతూ ఉంటుంది" అంది, ఎవరితోనూ కాకుండా.

ఆఫీసులో ఫోన్ మోగితే వెళ్లి ఎత్తాను. పెర్ల్స్ నుంచి పైలట్. అక్క కిటికీ దగ్గరకొచ్చి నిలబడింది.

"దించారటక్కా. ఆసుపత్రి బండి ఎక్కించారట."

"మాట్లాడుతున్నాడా?"

అడిగి చెప్పాను. "పెళ్లాన్ని దింపేశావని పైలట్‌ను దారంతా తిట్టాడట."

"తిట్టాడా" అంది అక్క. "అయితే బతుకుతాడు."

కిటికీ పక్కనున్న సామాను తూచే కాటా మీదే కూలబడింది. ముల్లు ఊగి ఊగి ఆగింది.