లింగం ఉస్తాద్ కాలువ

ఒక్క చుక్క మురికి వదలని మనిషి కార్ఖానాకూ, సందు నిండా మురికి పారించిన వాళ్ల కార్ఖానాలకూ ఒకే రోజు ఒకే రకం తాళం వేశారు. ఆ తాళం అలా ఉండగానే ఆయన పోయారు. జరిగిన అన్యాయం ఇది.

ఈ ఉదయం బియ్యం కడిగి చిల్లుల గిన్నెలో పైకెత్తాను. చుక్కలు కింది గిన్నెలో టప్ టప్ మని పడుతుంటే చేయి గాలిలోనే ఆగిపోయింది. పెదవులు వాటంతటవే పేర్లు తలచుకోవడం మొదలుపెట్టాయి. "మామా, బియ్యం ఆరవెడ్తున్నవా, వండనిస్తవా?" అంది కోడలు. రోజూ జరిగేదే. కాని ఈ రోజు నా జేబులో ఒక ఉత్తరం ఉంది. అదేమిటో తెలియాలంటే ముందు మీకు లింగం ఉస్తాద్ తెలియాలి.

మొఘల్‌పురా వెనక సందులో ఆయనది నికెల్ పూత కార్ఖానా. తలుపుల బందులు, గడియలు, కుళాయిలు, ఇత్తడి సరుకు ఏది వచ్చినా మందునీళ్ల తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి, వెండిలా మెరిపించి పంపేవారు. మందులోంచి తీసిన సరుకును పక్క తొట్టిలో మంచినీళ్లతో కడగాలి. ఆ కడిగిన నీళ్లే ఊరికి పట్టిన శని. సందులో ఎవరి గుమ్మం ముందు చూసినా పచ్చటి నీళ్లు కాలువలో పడి, పురానాపూల్ దగ్గర మూసీలో కలిసేవి.

నేను పనిలో చేరేసరికి నాకు ముప్పై ఏళ్లు దాటాయి. బడి మొహం చూడనివాణ్ని. మొదటి రోజే బందుల గుత్తిని మందులోంచి లేపి గబుక్కున కడుగుతొట్టిలో ముంచాను. ఉస్తాద్ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఏందిరా నర్సింగ్, బస్సు పోతాందా?"

"లేదు ఉస్తాద్, పని జల్ది అయితదని."

"జల్ది జేసి ఏం జేసినవో చూడు." కడుగునీళ్లు లేత పచ్చగా మారాయి. "గది నీళ్లనుకున్నవా? నా నికెల్. తొట్టిల ఉంటే సరుకు, కాల్వల పడితే జహర్, ఇసం. సరుకును జహర్ జేసెటోడు పని తెలిసిన కారీగరా?"

సరుకును మందుతొట్టి మీదే పట్టుకుని, చుక్కలన్నీ అందులోకే రాలనివ్వాలి. ఎంతసేపని అడిగాను.

"నీ ఇంట్ల ఎంతమంది?"

"తొమ్మిది మందిమి."

"ఒక్కొక్కల పేరు నిమ్మలంగ తల్చుకో. అందరు అయినంక ముంచు."

లెక్కపెడితే చాలదా అన్నాను. ఆయన నవ్వారు. "అంకెలైతే మింగేస్తరు బేటా. అమ్మ పేరు ఎవడు మింగుతడు?"

అలా మేమంతా పేర్లు గొణుక్కుంటూ తొట్ల మీద సరుకు పట్టుకుని నిలబడేవాళ్లం. సాయిలు అనే ఒంటరివాడు ఒకడుండేవాడు. "నాకెవ్వరు లేరు ఉస్తాద్" అంటే, "సిన్మా హీరోయిన్లున్నరు గదరా" అన్నారు. ఆ రోజు నుంచి వాడి చేతి సరుకంత బాగా ఎవరిదీ వడిసేది కాదు. పక్క కార్ఖానాల వాళ్లు మమ్మల్ని చూసి, "లింగం ఉస్తాద్ దగ్గర నీళ్లకు గూడ హాజరీ పడ్తదంట భాయ్!" అని నవ్వేవారు.

వాళ్లు పది గుత్తులు ముంచేలోపు మేం ఏడే ముంచేవాళ్లం. అయినా వాళ్లు కొన్నన్ని మందు బస్తాలు మేం కొనలేదు. తొట్టి వేడికి మందునీళ్లు ఆవిరై తగ్గితే, మొదటి కడుగునీళ్లతోనే ఉస్తాద్ నింపేవారు. చివరి కడుగునీళ్లలో సున్నం వేసి, తేటను మళ్లీ కడగడానికే వాడేవారు. అడుగు బురదను డబ్బాల్లో మూతలు బిగించి దాచేవారు. మందును బొగ్గుపొడితో వడగట్టేవారు. దానివల్ల పూత పెచ్చులూడేది కాదు, వాపసు వచ్చే సరుకు ఉండేది కాదు. పుణ్యం చేస్తున్నావు ఉస్తాద్ అని ఒకసారి అన్నాను. కసురుకున్నారు. "పుణ్యం గాదు, ధందా. పుణ్యమనుకుంటె నష్టమొచ్చిన నాడు ఇడిచిపెడ్తవ్. ధందా అనుకుంటె ఇడువవ్."

నా చదువూ అక్కడిదే. బస్తా మీది అక్షరాలు చదివి మందు కలపమనేవారు. రాదంటే, "నీకు రాదని బస్తాకు తెలుసా?" అనేవారు. మూడేళ్లు బస్తాలను, పొట్లాల కాగితాలను చదివాను. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

ఒకరోజు విదేశాలకు తలుపు సామాను పంపే కంపెనీ మనిషి వచ్చాడు. బందులను చేతిలోకైనా తీసుకోలేదు. "మీ నీళ్లు ఎక్కడికి పోతాయండీ?" అని అడిగాడు. ఉస్తాద్ అతన్ని వెనక్కి తీసుకెళ్లారు. మా కాలువలో దుమ్ము, ఆ దుమ్ములో నాలుగు పిల్లలతో సందు పిల్లి. "జరంత మెల్లగ సార్, బాలింత పండుకుంది." అతను వంగి కాలువ అడుగున వేలితో రుద్దాడు. దుమ్మే అంటింది. "మా దగ్గర కొనేవాళ్లు మెరుపు కంటే ముందు ఇదే అడుగుతున్నారు. చూపించగలిగినవాళ్లు మీరొక్కరే" అన్నాడు. ఆ తర్వాత మా రెండు తొట్లు ఐదయ్యాయి. నవ్విన వాళ్ల తమ్ముళ్లు మా దగ్గర పనికి వచ్చారు.

తర్వాత మూసీ కంపు మీద పెద్ద లొల్లి అయింది. సందు మొత్తానికీ తనిఖీ పడింది. ఆ పూట నేను సున్నం కోసం పురానాపూల్ వెళ్లాను. తిరిగొచ్చేసరికి అన్ని తలుపులతో పాటు మా తలుపుకూ సీలు ఉంది. ఉస్తాద్ ఎదురు అరుగు మీద కూర్చున్నారు.

"ఏమైంది ఉస్తాద్?"

"తనిఖీ సారు నమూనా సీసా పట్టుకొని వచ్చిండు. సీసా పట్టుకొని పోయిండు. తాళం పడ్డది."

"మన తొట్లు చూపియ్యలేదా?"

"లోపలికి రమ్మన్న. టైమ్ లేదన్నడు."

సీలు పడ్డ కార్ఖానా పేరు తమ కాగితాల్లో ఉండకూడదని కంపెనీ తప్పుకుంది. పక్క కార్ఖానాల వాళ్లు నెల తిరక్కుండా ఊరి బయట వేరే పేర్లతో తొట్లు పెట్టుకున్నారు, ఈసారి గొట్టాలు భూమిలోంచి. అది చూసే అధికారి లేకపోయాడు! పైగా చాయ్ హోటల్లో వాళ్ల మాటలు: "గన్ని కథలు చెప్పిండు గదనే, గాయన కాల్వల గూడ జహరే దొరికిందంట." అది ఉస్తాద్ చెవిన పడింది. మరునాటి నుంచి ఆయన బయటికి రాలేదు. చూడ్డానికి వెళితే గోడవైపు తిరిగి పడుకునే మాట్లాడారు.

"నర్సింగ్, నీకు చదువొచ్చు గద. నా కాల్వల వాళ్లకు ఏం దొరికిందో రాయించుకరా. తాళం తియ్యకున్నా ఫికర్ లేదు. గదొక్కటి."

రాయించుకు రాలేకపోయాను. చలికాలం దాటకుండానే ఆయన పోయారు. నేను ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు వెళ్లమంది. ఒక బల్ల దగ్గర నా అక్షరాలు చూసి నవ్వారు. ఎనిమిదో ఉత్తరంలో ఒకే ఒక్క ప్రశ్న ఉంచాను: ఆ కాలువలో మీకు ఏం దొరికింది?

మా ఇంటి ఆనాటి తొమ్మిది మందిలో ఇప్పుడు ముగ్గురమే మిగిలాం. అయినా బియ్యం ఎత్తినప్పుడు నేను తొమ్మిది పేర్లూ తలచుకుంటాను. పదోది ఉస్తాద్ పేరు. అది అయ్యాకే గిన్నె దించుతాను. ఈ ఉదయం దించి, చేతులు తుడుచుకుని, నిన్న వచ్చిన జవాబును జేబులోంచి తీసి, ఆయన గోడవైపు తిరిగి పడుకున్న చోట కూర్చున్నట్టే కూర్చుని, గట్టిగా చదివాను:

"తమ ఎనిమిదవ ఉత్తరమునకు జవాబు. సదరు కార్ఖానా తనిఖీ సమయమున బయటి కాలువ పూర్తిగా పొడిగా ఉన్నందున నీటి నమూనా సేకరించుట వీలుపడలేదు. నమూనా ఇవ్వని కార్ఖానాలన్నింటిని మూసివేత జాబితాలో చేర్చడమైనది."